నేను రాయించిన క్షమాపణ

కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. అది చల్లారేలా లేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను. ఎవరి మీద కోపమని అడిగితే వరసగా చెప్పగలను. నేను పనిచేసిన ఫ్యాక్టరీ మీద, దాని మేనేజరు మీద, ఆయన నవ్వు మీద. నిజానికి ఆ వరసలో మొదట ఉండాల్సింది నేను. నన్ను నేను చివరికి నెట్టుకోవడం అప్పట్లో బాగా అలవాటైపోయింది.

పద్నాలుగేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పాను. గుంటూరుకి దక్షిణంగా, రోడ్డుకి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప ఉండే ఊళ్ళ మధ్య స్కూలది. పిల్లల చేత లేఖలు రాయించడంలో నాకు పేరుండేది. పైన కుడివైపు ఊరు, తేదీ. ఎడమవైపు సంబోధన. చివర ‘ఇట్లు, తమ విధేయురాలు’, దాని కింద సంతకం. సంతకం మర్చిపోతే ఎంత బాగా రాసినా సున్నా వేసేదాన్ని. ఏడ్చినా మార్చేదాన్ని కాదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. తప్పు చేసిన పిల్లల్ని కొట్టకుండా తెల్లకాగితం చేతికిచ్చి క్షమాపణ రాయమనేదాన్ని. రాసిచ్చారంటే ఆ సంగతి అక్కడితో సరి, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. అది నాకూ వాళ్ళకూ ఒప్పందం. ఆ కాగితాలన్నీ నా సొరుగులో పడి ఉండేవి. పరీక్షలైపోయిన రోజున వాళ్ళ ముందే చించి బుట్టలో వేసేదాన్ని. ఈ రెండు అలవాట్లూ గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం స్కూలు వదిలినప్పుడు వాటిని అక్కడే వదిలి రావాలని గుర్తు పెట్టుకోలేదు.

స్కూలు వదలడానికి కారణం పెద్ద ఆశయమేమీ కాదు, ఒళ్ళుమంట. తెలుగు పీరియడ్లు వారానికి మూడు చేశారు. మిగిలిన టైములో ఆఫీసు రూములో కూర్చుని ఫోన్లు ఎత్తమన్నారు. వేసవి సెలవుల్లో కరపత్రాల కట్ట చేతికిచ్చి, ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు పట్టుకురమ్మన్నారు. రోళ్ళు పగిలే ఎండలో ఒక ఇంటి ముందు నిలబడితే లోపలినుంచి ఒకాయన ‘ఏం అమ్ముతున్నావమ్మా?’ అని అడిగాడు. ఆ సాయంత్రమే మా ఆయనతో, ఇక చాలు, వేరే పని చూసుకుంటానని చెప్పాను.

మా ఆయన పురుగుమందుల కొట్టులో లెక్కలు చూస్తాడు. కొట్టుకొచ్చే వాళ్ళలో ఒకాయన, కొత్తగా కట్టిన మిరప ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌కి మనిషి కావాలని, లేబరుకు అర్థమయ్యేట్టు తెలుగు రాయగలిగితే చాలని చెప్పాడట. దూరవిద్యలో ఏడాది డిప్లొమా చేశాను. నలభై ఏళ్ళ వయసులో, కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ చదివాను. ఆ పుస్తకంలో సానుభూతి మీద ఒక పాఠం ఉంది. పరీక్షలో దానికి రెండు మార్కులు. నాకు రెండూ వచ్చాయి.

మానవ వనరులు అన్న మాట మీద మొదటిరోజే అనుమానం రావాల్సింది. వనరులంటే బొగ్గు, నీళ్ళు, కలప. అయిపోయేదాకా వాడుకునేవి. కానీ నాకు అప్పుడు గదిలో ఏసీ ఉంది, తలుపు మీద నా హోదా రాసిన పలక ఉంది. కరపత్రాలు మోసిన నాకు ఆ పలక చాలా పెద్దదిగా కనిపించింది.

ఇంటర్వ్యూలో మేనేజరు ఒక నోటీసు రాసి చూపించమన్నాడు. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులోకి ఫోన్లు తేకూడదని. ఐదు నిమిషాల్లో రాసిచ్చాను. చదివి, ‘అబ్బ! ఏం రాశారండీ! తిట్టినట్టే లేదు, కానీ భయమేస్తంది’ అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పుకుని మురిశాను కూడా.

షెడ్డులో ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని తొడిమలు తీస్తారు. మొదటివారం నేను లోపలికెళ్ళినప్పుడల్లా తుమ్ములే తుమ్ములు. ‘మేడంకి ఇంకా కారం అలవాటవలా’ అని కూలీల ముఠా అంతా నవ్వేది. ఆ నవ్వుల్లోంచి ఒకమ్మాయి లేచి నా దగ్గరికొచ్చింది. ‘మేడం, నేను. సెవెన్త్ బి. మీరు నా చేత పోస్ట్‌మాస్టర్‌కి ఉత్తరం రాయించారు’ అంది. ఏడో తరగతి తర్వాత చదువు మానేసిన పిల్ల. అక్షరాలు ముత్యాల్లా రాసేది. పెళ్ళై, ఒక బిడ్డ తల్లై, తలకి తువ్వాలు చుట్టుకుని ఎదురుగా నిలబడింది. ‘మా తెలుగు మేడం’ అని షెడ్డంతా వినపడేట్టు చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది, దాచను.

ఇక్కడొక పద్ధతి చెప్పాలి. మా వైపు చేలల్లో మిరపకాయలు కోసే ముఠాల్లో మేస్త్రమ్మ పిలిచేది మనిషిని కాదు, ఇంటిని. ఫలానా ఇంటినుంచి ఒకరు రావాలి. అత్త వస్తుందా, కోడలు వస్తుందా, చెల్లెలు వస్తుందా అన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు బదులు వస్తారు. వరసలో ఆ ఇంటి చోటు ఆ ఇంటిదే. దీన్ని ఎవరూ దాచరు, ఎవరూ తప్పనుకోరు. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఆ ముఠాలనే మొత్తంగా లోపలికి తీసుకున్నారు. రిజిస్టర్లో ఇంటికొక పేరు రాసుకున్నారు. ఆ పేరు వెనక ఎంతమంది ఉన్నారని నాలుగేళ్ళు ఎవరూ అడగలేదు, పని జరుగుతోంది కాబట్టి.

నా శిష్యురాలూ, ఆమె తోడికోడలూ అలాగే వచ్చేవారు. రిజిస్టర్లో ఉన్నది పెద్దామె పేరు. ఇంట్లో అత్తకు పక్షవాతం. ఆవిణ్ణి ఎత్తి కూర్చోబెట్టాలి, కడగాలి, తినిపించాలి. ఒకళ్ళే రోజూ చేస్తే నడుం పడిపోతుందని వంతులు వేసుకున్నారు. ఈ రోజు పెద్దామె పనికొస్తే రేపు చిన్నది. ‘ఇంటికాడ పని కంటే కారంలో కూర్చోటమే సుఖం మేడం’ అని నా శిష్యురాలు నవ్వుతూ అనేది. ఆ ఒక్క చోటు మీద ఆ ఇల్లంతా నడిచేది.

తర్వాత గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషన్ పెట్టారు. ముఖాలు ఎక్కించే పని నాది. పెద్దామె పేరు పిలిచాను, పెద్దామె వచ్చి నిలబడింది, ఎక్కించాను. మర్నాడు చిన్నదాని వంతు. మిషన్ ఎర్రలైటు వేసి కీచుమంది. వెనక యాభై మంది ఆగిపోయారు. సెక్యూరిటీ అతను కేకలు మొదలుపెట్టాడు. మేస్త్రమ్మ తాపీగా వచ్చి, ‘ఏందయ్యా గోల? పెద్దదాని బదులు చిన్నది వచ్చింది. పంపు లోపలికి’ అంది. అక్కడే నిలబడి ఉన్న మేనేజరు ముందే అంది. దాచాల్సిన విషయమని ఆమెకు తెలిస్తే కదా.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఇది ఆషామాషీ కాదన్నాడు. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేయడమట, మోసమట, ఎగుమతుల ఆడిట్‌లో బయటపడితే పరువు పోతుందట. రెండు పేర్లూ రాసుకుంటే పోతుంది కదండీ అన్నాను. ‘మేడం, మనం ఎమోషనల్ అవ్వకూడదు. ముందు వాళ్ళ దగ్గర రాతమూలకంగా ఏదన్నా తీసుకోండి, తర్వాత చూద్దాం’ అన్నాడు.

రాతమూలకంగా అనగానే నా మనసు కుదుటపడింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. క్షమాపణ రాయించడం నాకు తెలిసిన పనే! రాసిచ్చారంటే సరి, మళ్ళీ ఎవరూ ఎత్తరు. మేనేజరు సొరుగు కూడా నా సొరుగులాంటిదే అనుకున్నాను.

తోడికోడళ్ళిద్దరినీ నా గదికి పిలిచాను. ఏసీ చల్లదనానికి పెద్దామె చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కుర్చీలున్నా కూర్చోలేదు. నేను తెల్లకాగితం, పెన్ను ఇచ్చాను.

‘ఒక్క కాగితం రాసివ్వండమ్మా, మళ్ళీ ఇట్లా చెయ్యం అని. అయిపోద్ది’ అన్నాను.

నా శిష్యురాలు కుర్చీ అంచున కూర్చుని రాయడం మొదలుపెట్టింది. కుడివైపు ఊరు, తేదీ. ఎడమవైపు గౌరవనీయులైన మేనేజరుగారికి. ఒక్కటీ మర్చిపోలేదు. ‘అత్తకు బాగాలేనందున ఒకరి బదులు ఒకరం పనికి వచ్చాం’ అని రాసి, తలెత్తి నన్నడిగింది.

‘మేడం, తప్పు అని రాయాలా? మేం చేసింది తప్పేనా?’

‘రాయమ్మా, ఒక్క మాటేగా. పెద్దోళ్ళ కోపం తగ్గుద్ది.’

రాసింది. నేను కాగితం తీసుకుని చదివాను. వాక్యం బలంగా లేదనిపించింది. ఇంత చప్పగా ఉంటే మేనేజరుకు పశ్చాత్తాపం కనిపించదు, మళ్ళీ రాయించుకురమ్మంటాడు అనుకున్నాను. ‘ఇట్లా కాదు, అత్తగారి సంగతి ఇప్పుడెందుకు. ఒకరి పేరుతో మరొకరం పనిచేసి యాజమాన్యాన్ని మోసగించాము, క్షమించగలరు అని రాయి. నిండుగా ఉంటది’ అన్నాను. ఇంకో కాగితం ఇచ్చాను. నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. తను సంతకం పెట్టింది, పెద్దామె వేలిముద్ర వేసింది. వెళ్ళేటప్పుడు పెద్దామె నాకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది.

మోసగించాము అన్న మాట వాళ్ళది కాదు. నాది. నిండుగా ఉంటుందని ఇచ్చాను.

మేనేజరు కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ‘సూపర్ మేడం! ఒప్పేసుకున్నారు. ఇక ఎంక్వైరీ కూడా అక్కర్లేదు’ అన్నాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, క్షమాపణ కదండీ అది, క్షమించమని రాశారు కదా అన్నాను. ‘చదివానుగా’ అన్నాడు. పెద్దామెను తొలగిస్తున్నట్టు, చిన్నామెను గేటు లోపలికి రానివ్వబోమన్నట్టు ఉత్తరం తయారుచేయమన్నాడు. తెలుగులో, స్పష్టంగా.

తయారుచేశాను. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ఆ రోజు మాత్రం చెయ్యి బాగానే వచ్చింది. కావాలంటే కడుపునొప్పి అని ఇంటికి పోవచ్చు, రాయనని చెప్పొచ్చు. తలుపు మీది పలక గుర్తొచ్చింది. మళ్ళీ కరపత్రాలు గుర్తొచ్చాయి. ఒక్క తప్పు లేకుండా రాసి, ప్రింటు తీసి, మేనేజరు సంతకం పెట్టించుకున్నాను.

గేటు దగ్గర ఉత్తరం ఇచ్చింది కూడా నేనే. పెద్దామెకు చదవడం రాదు. చిన్నది తీసుకుని, అందరూ వింటుండగా, ఆమెకోసం పైకి చదివింది. క్లాసులో నేను నేర్పినట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, గొంతు తడబడకుండా చదివింది. ‘యాజమాన్యాన్ని మోసగించినట్లు స్వయంగా అంగీకరించినందున’ అన్న చోట మాత్రం ఆగింది. అక్కడ ఆగాల్సిన పని లేదు.

‘ఇది మనం రాసిన మాటేగా మేడం?’ అంది.

మనం అంది. తిట్టినా బాగుండేది. పెద్దామె అప్పటికీ అర్థంకాక, ‘ఏందంటమ్మా? రేపటినుంచి నేనొక్కదాన్నే రావాలంటనా?’ అని అడుగుతోంది. మేస్త్రమ్మ నా ముఖంలోకి చూసి, కాండ్రించి పక్కకి ఉమ్మేసింది. కారం గొంతులో పడిందో, నన్ను చూసి ఉమ్మిందో అడగలేదు.

నేను మేనేజరు గదిలోకి పోయి మొదటిసారి గొంతు పెంచాను. ఆ మాటలు వాళ్ళవి కావు, నేను చెప్పి రాయించాను, అయిపోతుందని నమ్మించాను అన్నాను. ఆయన కోపగించుకోలేదు. నవ్వుతూ నా ముందుకి ఒక తెల్లకాగితం జరిపాడు. ‘మీరే రాయించారా? అయితే ఆ ముక్క రాసి సంతకం పెట్టివ్వండి. ఫైల్లో పెట్టుకుంటాను’ అన్నాడు. కాగితమంటే ఏమిటో నాకు అప్పటికి తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తెలిసింది. ఆ కాగితం అక్కడే వదిలేసి, నోరు మూసుకుని నా గదికి వచ్చేశాను.

ఆ తర్వాత రెండు నెలలు రోజూ పనికి వెళ్ళాను. హెచ్‌ఆర్ పనంటే అడకత్తెరలో పోకచెక్క అని తోటివాళ్ళు వాపోతుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పోకచెక్క మనం కాదు. మనం అడకత్తెరలో ఒక రెక్క.

ఒకరోజు మధ్యాహ్నం నా శిష్యురాలు ఫోన్ చేసింది. గుంటూరులో లేబరు ఆఫీసుకి ఇద్దరూ వెళ్ళొచ్చారట. అక్కడి ఆఫీసరు అంతా విని, మీరే రాసిచ్చారు కదమ్మా, ఆ మాటలు మీవి కావని రాయించినవాళ్ళు చెబితే తప్ప ఏం చేయగలం అన్నాడట.

‘మిమ్మల్ని రమ్మంటల్లేదు మేడం. చెప్తన్నా, అంతే’ అంది.

‘మరి ఎందుకు చెప్తన్నావ్?’ అని అరిచాను. ఆ పిల్ల మీద అరిచాను. అడిగితే కుదరదని చెప్పి ఊరుకునేదాన్ని. అడగకుండా చెప్పింది. అదీ నా కోపం. అత్తకు అన్నం పెట్టాలని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

తొమ్మిది రోజులు పట్టింది నాకు. మా ఆయన ఒకసారి, ‘స్కూల్లో పిల్లలైతే ఈపాటికి రాసేవాళ్ళు’ అన్నాడు. అన్నం కంచం ముందునుంచి లేచిపోయాను. పదోరోజు ఉదయం సెలవు పెట్టి కూర్చుని రాశాను. జరిగింది జరిగినట్టు. తప్పు అన్న మాట నేను రాయమన్నాను. అత్తగారి సంగతి నేను తీయించాను. మోసగించాము అన్న మాట నేను ఇచ్చాను. రాస్తే అయిపోతుందని నేను మాటిచ్చాను. ఈసారి నిండుగా ఉండాలని ఎక్కడా ఒక మాట ఎక్కువ రాయలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ప్రత్తిపాడు దాటాక లోపలికి పోవాలి. అది మిరప సీజను. ఊరి బయట కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వంగి తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. నా శిష్యురాలు నన్ను చూసి లేచి వచ్చింది.

‘అక్క ఇంటికాడ ఉంది మేడం. ఇయ్యాల నా వంతు’ అంది.

కల్లంలో ఆమెను ఎవరూ నువ్వెవరు, ఏ పేరు మీద వచ్చావని అడగలేదు. నేను కాగితం ఇచ్చాను. చేతులు తువ్వాలుకి తుడుచుకుని తీసుకుంది. అయినా అంచు మీద వేళ్ళ ఎరుపు అంటుకుంది. ఎండలో నిలబడి, పెదాలు కదుపుతూ, పైనుంచి కిందిదాకా చదివింది. మోసగించాము దగ్గర ఈసారి ఆగలేదు. చివరికొచ్చి ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

‘సంతకం లేదు మేడం.’

మర్చిపోయాను అన్న మాట నోటిదాకా వచ్చింది. అది అబద్ధం. ఉదయం ఇంట్లో ‘ఇట్లు’ అని రాసి, పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత పెడదాంలే అని మడతపెట్టి సంచిలో వేసుకున్నాను. బస్సులో పెడదామనుకున్నాను. ఊరు వచ్చేసింది.

‘సంతకం లేకపోతే మీరు సున్నా వేసేవోళ్ళు’ అంది. ఎగతాళిగా అనలేదు. గుర్తుచేసింది.

గట్టు మీదికి పోయి తన అన్నం క్యారేజీ మూత తెచ్చి, బోర్లా తిప్పి, కాగితం దాని మీద పెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నా ముందుంచింది. నేను పెన్ను తీసి సంతకం పెట్టాను. నేను పెన్ను వెనక్కి తీసుకున్నా ఆమె మూత దించలేదు.

‘తేదీ కూడా వెయ్యండి మేడం’ అంది.

వేశాను.